పడుగు పట్టే వీధి

మొన్న బుధవారం పొద్దున మనవరాలు ఫోన్ చేసింది. దానికి ఆదోనిలో ఉద్యోగం వచ్చింది, దాని భర్తది కర్నూలులో పని. ఇద్దరికీ అందుబాటుగా ఎక్కడ ఇల్లు తీసుకోవాలా అని కూర్చుని పదకొండు అంశాల పట్టిక ఒకటి తయారు చేశారట. బడి, ఆస్పత్రి, నీళ్లు, బండి పెట్టుకునే చోటు, ఇంటర్నెట్టు, ఇలా పదకొండు. అన్నీ చదివి వినిపించి, "ఇప్పుడు చెప్పు అవ్వా, ఆదోనిలో ఉండేదా, ఎమ్మిగనూరులో ఉండేదా?" అని అడిగింది. పట్టిక బాగుందన్నాను. మూడోదీ ఏడోదీ ఒకటే కాబట్టి పదకొండు కాదు, పది అని కూడా చెప్పాను. అది నవ్వి, "నీతో కాదు గానీ, మళ్ల చేస్తాను" అని పెట్టేసింది. నేను ఆ ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. నలభై అయిదేళ్ల కిందట ఇదే ప్రశ్న మా ఇంటికీ వచ్చింది. అప్పుడు మా పట్టికలో అంశం ఒక్కటే. ఆ ఊళ్లో ఇరవై బారల పొడవున తిన్నగా సాగే వీధి ఉందా, లేదా? ఆ అంశం కూడా నాది కాదు, మా అత్తది.

మేమప్పుడు గూడూరులో ఉండేవాళ్లం. మాది నేత ఇల్లు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. నేలలో గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి తొక్కుతూ నేస్తారు కాబట్టి వాటికా పేరు. ఒకదాని మీద మా అత్త, రెండోదాని మీద మా ఆయన. మామ నా పెళ్లికి ముందే పోయారు. నేను ఊళ్లో బడిపిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మగ్గం ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ వీధిలో పొడవునా చాపి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఆ పోగుల వరసనే పడుగు అంటాం. తెల్లవారుతుండగా మొదలుపెట్టి, ఎండ ముదిరి పోగులు పెళుసెక్కక ముందే చుట్టేయాలి. దువ్వేటప్పుడు తెగిన పోగుల్ని వెతికి అతకడం నా పని. ఆ పని అత్త ఇంకెవరికీ ఇచ్చేది కాదు. "నీవి లెక్కల కండ్లమ్మీ, ఒగ పోగు తప్పిపోదు" అనేది. నా చదువుకు ఆమె ఇచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. చేతులకు అంటిన పుల్లటి గంజి వాసనతోనే బడికి పోయేదాన్ని. ముందు బెంచీ పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు, నేను చూడనట్టు ఎక్కం అడిగేదాన్ని.

ఆ ఏడు వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజే నన్ను ఆదోని బాలికల పాఠశాలకు బదిలీ చేసిన కాగితం వచ్చింది. మొదట గూడూరు నుంచే తిరిగాను. పొద్దున అయిదింటి బస్సు, ఎమ్మిగనూరులో దిగి ఇంకో బస్సు, సాయంత్రం మళ్లీ అదే వరస. అలా ఇరవైమూడు పనిదినాలు. ప్రతి రోజూ ఏ బస్సు ఎన్నింటికి కదిలింది, ఎన్నింటికి చేరింది అన్నది చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను. నేను బయలుదేరేటప్పటికి నా కూతురు లేచేది కాదు, తిరిగొచ్చేటప్పటికి నిద్రపోయేది. దానికప్పుడు నాలుగో ఏడు. నాలుగో ఆదివారం నేను ఎత్తుకోబోతే అది అత్త కొంగు చాటుకు పోయి, అక్కడినుంచి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ రోజు నోటుబుక్కులో ఏమీ రాయలేదు.

ఇక మిగిలినవి రెండే దారులు. ఇల్లంతా ఆదోనికి దగ్గరగా కదలాలి, లేదా నేను ఆదోనిలో ఒక గది తీసుకుని వారానికోసారి రావాలి. రెండో మాట మా ఆయన ఎత్తీ ఎత్తకముందే అత్త కండెలు చుట్టే రాట్నం ఆపేసింది.

"ఒగ ఇంటికి రెండు పొయ్యిలా? నేను బతికుండంగా ఆ మాట అనొద్దు. ఇల్లు కదుపుదాం. నాకేం కావాల? మగ్గానికి గుంత కావాల, పడుగుకి వీధి కావాల. అంతే గదా."

అంతే గదా అన్నది ఎంత పెద్ద మాటో మాకు తర్వాత తెలిసింది.

మొదట ఆలూరు అనుకున్నాం. ఒక శనివారం మా ఆయన చూసి రావడానికి వెళ్లారు. సాయంత్రం ఒక సంచి నిండా పచ్చి శనక్కాయలతో తిరిగొచ్చారు. ఊరు ఎలా ఉందంటే బాగుందన్నారు. వీధి ఉందా అంటే ఉందన్నారు. ఆదోనికి పొద్దున ఎన్ని బస్సులున్నాయంటే, "ఉంటాయిలే" అన్నారు. ఉంటాయిలే అన్న సంఖ్యను ఏ పట్టికలోనూ వేయలేం. ఆలూరు నుంచి వచ్చే తోటి టీచరును అడిగితే, తనకు సరిపోయే బస్సు దొరక్క తన అన్న సైకిలు మీద మెయిను రోడ్డు దాకా దింపుతాడని చెప్పింది. మా ఇంట్లో సైకిలు ఉంది గానీ అంత పొద్దున్నే లేచే అన్న లేడు. శనక్కాయలు ఉడకబెట్టుకుని తిని ఆలూరును కొట్టేశాం.

తర్వాత ఆదోని. ఈసారి అత్త తానే వస్తానంది. ఒక ఆదివారం నేనూ, ఆమే బయలుదేరాం. ఆమె చంకలో ఒక మోకు చుట్ట ఉంది. మా పడుగు పొడవు ఎంతో అంత మోకు, చేతులు చాచి కొలిస్తే ఇరవై బారలు. ఆదోని బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తిని వీధులు కొలవడం మొదలుపెట్టాం. మోకు ఒక కొస నా చేతికిచ్చి ఆమె రెండో కొస పట్టుకుని నడిచేది. బజారు దగ్గరి సందులు పది బారలు తిన్నగా పోయి వంకర తిరిగేవి. తిన్నగా ఉన్న చోట మెట్లు అడ్డం. మెట్లు లేని చోట ఎద్దుబండ్లు. ఒక సందులో కిరాణా కొట్టాయన మమ్మల్ని చూసి గబగబా లేచి, వీధిలోకి పెట్టుకున్న బల్లను లోపలికి లాక్కున్నాడు. ఆయన్ని చూసి పక్క కొట్టాయన తన బస్తాలు జరుపుకున్నాడు.

"మున్సిపాలిటీ వాళ్లామ్మా? రోడ్డు యాడిదాకా ఏస్తారు?" అని కిరాణా ఆయన నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా అత్త అవతలి కొస నుంచి కేకేసింది. "రోడ్డు గాదప్పా, పడుగు ఏస్తాం!"

ఆయనకు అర్థం కాలేదు. కానీ బల్ల మాత్రం మేము సందు మలుపు తిరిగేదాకా బయటికి రాలేదు. ఆ రోజు మేము తొమ్మిది వీధులు కొలిచాం. అత్త మోకు పట్టుకుని నడిచినంత సేపూ ఆదోని జనం దారి ఇచ్చారు. నా ఉద్యోగానికి కూడా ఎవరూ అంత మర్యాద చేయలేదు.

మధ్యాహ్నం మాకొక ఇల్లు దొరికింది. బడి గేటు నుంచి నాలుగు వందల పది అడుగులు. నేనే లెక్కపెట్టాను. ధాన్యం వ్యాపారం చేసే వాళ్ల ఇల్లు, పక్క భాగం అద్దెకిస్తారు. నల్లబండలు పరిచిన నేల కాళ్లకు చల్లగా తగిలింది. ముందు వీధి పద్దెనిమిది బారలు తిన్నగా ఉంది. రెండు బారలు తక్కువైనా సర్దుకోవచ్చని అత్త అనడం విని ఆశ్చర్యపోయాను. ఇంటి యజమానురాలు టీ ఇచ్చి, ఎంతమంది ఉంటారు, ఏం పని అని అడిగింది. అత్త మగ్గం సంగతి చెప్పి, గుంత ఎక్కడ తవ్వుకోవాలో వేలు పెట్టి చూపించింది.

"గుంతనా? ఇంట్లోనా? మా మామ పరిపించిన బండలమ్మా ఇవి! గుంత తవ్వేది ఎవురన్నా పోయినప్పుడు గదా!"

"పోయినోళ్లను పెట్టేకి గాదమ్మా, నా కాళ్లు పెట్టుకునేకి."

"కాళ్లు మంచం మీద పెట్టుకో. ఈ వయసులో మగ్గం ఏంటికి? కోడలు జీతం తెస్తాంది గదా."

"నేను మంచం మీద కాళ్లు పెట్టుకుంటే కోక ఎవురు నేస్తారు? నీ ఒంటి మీది కోక యాడనుంచి వచ్చింది?"

ఆమె తన చీర కొంగు ఒకసారి చూసుకుంది. "ఇది మిల్లుది."

"అదే అనుకున్నా" అంది అత్త, టీ గ్లాసు కింద పెడుతూ.

తిరుగు బస్సులో అత్త మోకు చుట్టను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. తర్వాత నావైపు తిరగకుండానే, "నీకు ఆ ఇల్లు నచ్చిండాది గదా" అంది. నచ్చిందన్నాను. "నాకూ నచ్చిండాది. బండలు సల్లగుండాయి" అని మళ్లీ కిటికీ వైపు తిరిగింది. నేను ఒక్క మాట అడిగి ఉంటే ఆమె మగ్గం వదులుకుని ఆ చల్లటి బండల మీదికి వచ్చి కూర్చునేదేమో. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేశాను. ఆ తర్వాత మా మధ్య జరిగిన మంచి అంతా ఆ మింగడం వల్లే జరిగిందని నా నమ్మకం.

అలా ఎమ్మిగనూరు మిగిలింది. రోజూ బస్సు మారే ఊరే గనక, నేత వాళ్ల వీధులు ఎక్కడో బస్టాండులో అడిగి తెలుసుకుని ఇద్దరం వెళ్లాం. అక్కడ మోకు విప్పగానే ఎవరూ బల్లలు లాక్కోలేదు. ఒకావిడ గుమ్మంలో కూర్చుని మోకును చూసి, "ఎన్ని బారల పడుగు వదినా మీది?" అంది. అత్త ముఖం విప్పారింది. ఆ వీధి ఇరవైరెండు బారలు తిన్నగా ఉంది. "రెండు బారలు మిగిలిండాది, నా మనవరాలు ఆడుకునేకి" అంది. అడిగినావిడ ఇంటికి ఎదురుగానే ఖాళీ ఇల్లు, అదీ ఆమెదే. లోపల రెండు గుంతలు సిద్ధంగా ఉన్నాయి, బండలు కప్పి, పైన జొన్నల కుండలు పెట్టి. కుండలు జరిపించి అత్త ఒక గుంత అంచున కూర్చుని కాళ్లు వేసి చూసింది. పాదాలు అడుగుకు అందలేదు, నాలుగు వేళ్లు తక్కువ.

"ఎవురిదమ్మా ఈ గుంత?"

"మా మామది. తాటిచెట్టంత మనిషి."

"నేను ఈతచెట్టును. ఒగ తట్టెడు మట్టి పోయించు."

అద్దె మాట అప్పటికి ఇంకా రానేలేదు, కానీ ఇల్లు కుదిరిపోయింది. ఇక మిగిలింది నా లెక్క. నోటుబుక్కు ప్రకారం ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఇరవైమూడు రోజుల సగటు యాభై ఎనిమిది నిమిషాలు, అన్నిటికంటే ఎక్కువ పట్టిన రోజు అరవైనాలుగు. ఎనిమిదీ అయిదు బస్సెక్కితే, ఆ అరవైనాలుగే పట్టినా తొమ్మిదీ తొమ్మిదికి దిగుతాను. పన్నెండు నిమిషాల నడక. తొమ్మిదిన్నరకు గంట. ఇంకా తొమ్మిది నిమిషాలు చేతిలో ఉంటాయి. రాత్రి అందరికీ ఈ లెక్క చదివి వినిపించాను. మా ఆయన తల ఊపారు. ఆయన దేనికైనా తల ఊపుతారు. అత్త మాత్రం రెండోసారి చదవమంది, విని, సరే అంది. శ్రావణంలో మగ్గాలు విప్పి, కట్టి, మూటలతో సహా లారీ ఎక్కించాం.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉండేది. వీధి ఒకటే, ఇళ్లు పదహారు. పక్కపక్కన రెండు మూడు పడుగులకు మించి పట్టవు కాబట్టి ఎవరి వంతు వాళ్లది. ఆదివారం పాత ఇళ్లకు ఎప్పటినుంచో ఉన్నది, అది కదలదు. కొత్తగా వచ్చినందుకు మాకు ఎవరూ ఇష్టపడని మంగళవారం వచ్చింది. మొదటి మంగళవారం మేం పడుగు చాపుతుంటే ఎదురింటామె చీర ఎగ్గట్టుకుని వచ్చి, "చెయ్యేసేదా వదినా?" అని అడిగింది. ఆ వీధిలో అది మామూలు. ఒకరి పడుగుకు ఇంకొకరు చెయ్యి సాయం పడతారు, తర్వాత ఆ చెయ్యి తిరిగి ఇస్తారు. అత్త నవ్వుతూనే, "వద్దులేమ్మా, మా చేతులు మాకు చాలు" అంది. తన పడుగు మీద పరాయి చెయ్యి పడటం ఆమెకు ఏనాడూ నచ్చేది కాదు. ఇతరులు వేసిన ముడి బట్టలో తన వేలికి తగులుతుందని అనేది. ఎదురింటామె ప్రతి మంగళవారం అడిగేది, అత్త ప్రతి మంగళవారం వద్దనేది. ఏడున్నరకు పడుగు చుట్టేసి నేను ఎనిమిదీ అయిదు బస్సెక్కేదాన్ని. శ్రావణం, భాద్రపదం నా లెక్క ఒక్క నిమిషం తప్పలేదు. కూతురు సాయంత్రం వీధి మొదట్లో నిలబడి నా కోసం చూసేది.

దసరా సెలవులు అయ్యాక మొదటి రోజు బస్సు ఆదోని ఇంకా చాలా దూరం ఉందనగానే ఆగిపోయింది. దేవరగట్టు జాతరకు వచ్చిన జనం ఇంకా తిరిగిపోతున్నారేమో అనుకున్నాను. కిటికీలోంచి తల పెట్టి చూస్తే ముందంతా ఎద్దుబండ్లు. బండి మీద ఇల్లంత ఎత్తున తెల్లగా సరుకు, ఒకదాని వెనక ఒకటి, కంటికి ఆనినంత దూరం. గాలికి ఎగిరిన దూది రోడ్డు పక్క తుమ్మచెట్లకు పట్టుకుని ఉంది.

"ఏమైందప్పా?" అని కండక్టరును అడిగాను.

"ఏమైతాది టీచరమ్మా, పత్తి దిగింది. మార్కెట్టుకు పోతాండారు. ఇంగ శివరాత్రి దాకా ఇంతే."

నేను సీటులో అలాగే కూర్చుండిపోయాను. నా ఇరవైమూడు రోజులూ వానకాలం మొదట్లోవి. అప్పటికి పత్తి విత్తనం భూమిలో ఉంది. పుట్టినప్పటినుంచీ నూలు మధ్య పెరిగినదాన్ని, నూలు ఎన్నో నంబరో వేళ్లతో తడిమి చెప్పగలిగినదాన్ని. ఆ నూలు నాలుగు నెలల ముందు చెట్టు మీద ఉంటుందనీ, బండెక్కి మార్కెట్టుకు పోతుందనీ, ఆ బండి నా బస్సుకు అడ్డం వస్తుందనీ ఒక్కసారైనా తట్టలేదు. నాకే కాదు, ఇంట్లో ఎవరికీ తట్టలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెబితే అత్త మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత పకపకా నవ్వింది. "మన బతుకే పత్తి గదమ్మీ! అది యాడనుంచి వస్తాదో సూసుకోకపోతిమే!"

మర్నాటి నుంచి ఆరున్నర బస్సుకు మారాను. అయిదు రోజులు సరిపోయింది. మంగళవారం మాత్రం పడుగు వదిలి పోలేను. ఏడున్నరదాకా నా కళ్లు లేకపోతే పోగులు అతకవు. మొదటి మంగళవారం పదిహేడు నిమిషాలు ఆలస్యం, రెండోది ఇరవైఆరు, మూడోది నలభైఒకటి. మూడో మంగళవారం హెడ్మిస్ట్రెస్ నన్ను గదిలోకి పిలిచింది. మంచి మనిషి, గొంతు పెంచదు. "మంగళవారం మొదటి పీరియడ్ పదో తరగతి లెక్కలు. నలభై ఒక్కమంది ఆడపిల్లలు మీకోసం కూర్చుని ఉన్నారు. ఇంకొక్క మంగళవారం చూస్తాను టీచర్. తర్వాత ఆదోనిలో ఉంటానని రాసివ్వండి, లేకుంటే నేను పైకి రాయాల్సి వస్తుంది" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. నిమిషానికో పిల్ల అని మనసులో లెక్క పడి తల ఇంకా కిందికి దిగింది.

ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు చెప్పాను. మా ఆయన "ఒక గది చూస్తాను. పాప ఇక్కడే ఉండనీ, అమ్మకు అలవాటే" అన్నారు. పాప అత్త కొంగు చాటుకు పోయిన సంగతి ఎవరూ ఎత్తలేదు, అందరికీ గుర్తుంది. అత్త విస్తరి ఎత్తి, చెయ్యి కడుక్కుని, వీధిలోకి వెళ్లి నిలబడింది. కోపం వచ్చినప్పుడు ఆమె అలా నిలబడేది కాబట్టి ఎవరం వెంట పోలేదు.

తర్వాతి మంగళవారం నేను ఎప్పటిలా నాలుగున్నరకు లేచాను. వంటింట్లో దీపం వెలుగుతోంది. నా టిఫిను డబ్బాలో రొట్టె, శనగల పొడి కట్టి పెట్టి ఉన్నాయి. బయట వీధిలో మాటలు వినిపించాయి. గుమ్మంలోకి వెళ్లి చూస్తే పడుగు అప్పటికే చాపి ఉంది. ఒక కొసన మా ఆయన కుంచె పట్టుకుని ఉన్నారు. మధ్యలో, ఎప్పుడూ నేను నిలబడే చోట, ఎదురింటామె వంగి పోగులు వెతుకుతోంది. పక్కన అత్త లాంతరు ఎత్తి పట్టుకుంది.

"ఈడ ఒగటి తెగిండాది సూడమ్మా."

"కనపడ్తాంది లే వదినా, నాకేం గుడ్డా?"

"గుడ్డని ఎవురన్నారు? మా కోడలు అయితే ఈ పాటికి మూడు అతికేది."

"అయితే మీ కోడల్నే పిలుసుకో."

"అదేం కుదర్దు. దానికి బస్సు ఉండాది" అంటూ అత్త నన్ను చూసింది. లాంతరు దించలేదు. "ఏం సూస్తాండావ్ ఆడ నిలబడి? తల దువ్వుకో, పో. ఆరున్నరది పోతే మళ్ల ఎద్దుల ఎనకాల పోతావ్."

నేను పోయాను. ఆ రోజు గంట కొట్టడానికి ఇరవై రెండు నిమిషాల ముందు తరగతిలో కూర్చుని ఉన్నాను. పిల్లలు వచ్చి గుమ్మంలో నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. హెడ్మిస్ట్రెస్ ఆ కాగితం మళ్లీ అడగలేదు, నేనూ రాసివ్వలేదు.

నెల తర్వాత మా ఆయన నవ్వుతూ ఒక సంగతి చెప్పారు. ఎదురింటామె అతికిన పోగులు లావుగా ముడి పడుతున్నాయట. అత్త మంగళవారం మధ్యాహ్నమంతా మగ్గం దగ్గర కూర్చుని ఆ ముళ్లు వెతికి విప్పి, మళ్లీ సన్నగా వేస్తోందట. ప్రతిసారీ ఎన్ని అని అడిగాను. లెక్కపెట్టలేదన్నారు. ఎందుకు లెక్కపెట్టలేదని కొంచెం గట్టిగానే అడిగాను. తర్వాత అత్త దగ్గరికి పోయి, "నీకు రెండింతల పని అయింది గదా" అన్నాను. ఆమె ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసింది. "మెల్లగ మాట్లాడు. ఆయమ్మ ఇంటే మనసు నొచ్చుకుంటాది" అంది. ఎదురింటామె వంతు శుక్రవారం. ఆ శుక్రవారాలన్నీ అత్త తెల్లవారకముందే అవతలికి పోయి చెయ్యి తిరిగి ఇచ్చేది. అక్కడా వాళ్లిద్దరూ పోట్లాడుకుంటూనే పని చేసేవారు. మేం ఆ ఇంట్లో పదకొండేళ్లు ఉన్నాం. పత్తికాలం పదకొండుసార్లు వచ్చింది, పోయింది. పత్తికాలం కాని మంగళవారాల్లో కూడా అత్త నన్ను పడుగు దగ్గరికి రానివ్వలేదు. అలవాటు తప్పితే మళ్లీ అడగడం కష్టమని అనేది. అడగడం ఎంత కష్టమో ఆ ఒక్క మాటలోనే నాకు తెలిసింది.

ఆ ఏడు అత్తకు యాభై ఎనిమిదేళ్లు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియకపోతే, ఆమె చెప్పే ఒక కరువును పట్టి నేనే లెక్కగట్టాను, ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు నాకు డెబ్బైనాలుగు. అంటే అప్పటి ఆమెకంటే నేను పదహారేళ్లు పెద్దదాన్ని. అయినా ఏనాడైనా నాలుగున్నరకు మెలకువ వస్తే, నాకంటే ముందే ఆమె లేచి ఉందనే అనిపిస్తుంది.